కోట తలుపు తీసినవాడు

ఆ ఎండాకాలం మా ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. ముందుగదిలో గవర్నర్లు, నడవాలో ఓడలు, పడకగదిలో ఫిరంగులు. వంటింట్లోకి వెళ్ళాలంటే సముద్రపు దొంగల పక్కనుంచి ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్ళాలి. అమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "మీ దొరలందర్నీ కాస్త జరగమనండి, ఊడ్చుకోవాలి" అనేది.

మా నాన్న బొమ్మలు వేసేవాడు. ఒక వారపత్రికలో ఇరవై రెండేళ్ళపాటు చారిత్రక సీరియళ్ళకి బొమ్మలన్నీ ఆయనవే. పరాయి దొరలు ఓడలెక్కి వచ్చి రేవులు ఆక్రమించుకున్న కాలం ఆయనకి కొట్టినపిండి. ఎర్రకోట్ల సిపాయిలు, వాళ్ళ మీద తిరగబడ్డ పడవవాళ్ళు, తుఫానులో విరిగిన తెరచాపలు, బోనులో నిలబడి జడ్జీ కళ్ళలోకి చూసే ఖైదీలు. ఆయన వేసిన ఫిరంగి పొగ చూస్తే ముక్కు మండుతుందని పాఠకులు ఉత్తరాలు రాసేవారు. పత్రిక మూతపడ్డాక ఆరేళ్ళుగా షాపులకి బోర్డులు రాస్తున్నాడు. ఆ పని గురించి ఇంట్లో మాట్లాడేవాడు కాదు.

వేసవి మొదట్లో ఒక ప్రచురణ సంస్థ నుంచి ఎడిటరు ఒకావిడ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఒక మాట అని, ఆగి, అది మన బుర్రకెక్కిందో లేదో చూసుకుని గానీ రెండో మాట మొదలుపెట్టేది కాదు. అమ్మా నేనూ ఆవిడకి ఫుల్‌స్టాప్ మేడమ్ అని పేరు పెట్టేశాం.

"మీ బొమ్మలు పుస్తకంగా వేస్తాం. పెద్ద సైజులో. రంగుల్లో. నెలాఖరుకి అసలు బొమ్మలన్నీ కావాలి."

నాన్న చేతిలో టీ అలాగే చల్లారిపోయింది.

నా డిగ్రీ పరీక్షలు అప్పుడే అయ్యాయి. ఖాళీగా ఉన్నాను కాబట్టి ట్రంకుపెట్టెల్లోంచి బొమ్మలు తియ్యడం, దుమ్ము దులపడం, వెనక నంబరు చీటీ అంటించడం నా పనైంది. పదిరోజులు తిరిగేసరికి మేడమ్ మళ్ళీ వచ్చి, మోకాళ్ళ మీద ఇల్లంతా తిరిగి చూసింది. చూసి లేచి, చీర దులుపుకుంది.

"ఉప్పుకోట సీరియల్లో తలుపు తీసే బొమ్మ. అది లేదు."

ఆ సీరియల్ పదిహేనేళ్ళ కిందటిది. ఉప్పు పడవల మనుషులు గవర్నరు మీద తిరగబడి రేవులో ఉన్న కోట పట్టుకుంటారు. నలభై రోజులు నిలబెట్టుకుంటారు. చివరికి వాళ్ళలో ఒకడు లాంతరు పట్టుకుని సముద్రంవైపు తలుపు తీసి సిపాయిల్ని లోపలికి రానిస్తాడు. ఆ తలుపు తీసే బొమ్మ గురించే ఆవిడ అడుగుతోంది.

"నేను టెన్త్‌లో ఉండగా అది చూసి ఏడ్చాను. అది లేకపోతే పుస్తకం లేదు."

"అది దొంగలెత్తుకెళ్ళారమ్మా" అన్నాడు నాన్న.

లోపలి గదిలో అమ్మ కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది.

"ఎవరు?"

"ఒకడున్నాడు. వాడి మాట ఈ ఇంట్లో ఎత్తం."

ఆ ఒకడు ఎవరో నాకు తెలుసు. మా మావయ్య, అమ్మ తమ్ముడు. నాకు ఆరేళ్ళప్పుడు ఒక సాయంత్రం విసవిసా లోపలికి వచ్చి, గోడకున్న బొమ్మని మేకుతో సహా పీకి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. కోపంలో చెప్పులు కూడా వేసుకోలేదు. అవి వారం రోజులు మా గుమ్మం పక్కనే ఉన్నాయి. నాన్న ఆ రోజు అన్న మాట ఇప్పటికీ నాకు వినిపిస్తుంది: "అడిగితే ఇచ్చేవాణ్ణి కదా. దొంగలా పీక్కుపోతాడా?" ఆ తరవాత మావయ్య మా ఇంటికి రాలేదు, మేం ఆయన ఇంటికి వెళ్ళలేదు.

"మళ్ళీ వేసిస్తాను" అన్నాడు నాన్న మేడమ్‌తో. "ఒకసారి వేసిన చెయ్యే కదా."

*

పాత పత్రికలో అచ్చయిన బొమ్మ ఉందిగానీ, ఇన్నేళ్ళకి ఆ చవక కాగితం మీద మొహాలున్నచోట ఇంకు మరకలే మిగిలాయి. కోట, తలుపు, అలలు, సిపాయిల బూట్లు అన్నీ నాన్న రెండురోజుల్లో వేసేశాడు. ద్రోహి మొహం దగ్గర ఆగిపోయాడు.

మొదట నన్ను స్టూలెక్కించి చేతికి లాంతరు ఇచ్చాడు.

"భయపడు."

"దేనికి నాన్నా?"

"నలభై రోజులు నీతో ఒకే కంచంలో తిన్నవాళ్ళని పట్టిస్తున్నావు. వెనకాల వాళ్ళు నిద్రపోతున్నారు. ముందు సిపాయిలు. చెయ్యి గడియ మీద ఉంది."

నాకు చేతనైనంత భయపడ్డాను. ఆయన తల వంకరపెట్టి చూసి, "అజీర్తి చేసినట్టుంది" అన్నాడు.

అమ్మని అడిగితే, "నాకు భయం రాదండీ, మిమ్మల్ని చూస్తే కోపమే వస్తుంది" అని లాంతరు కిందపెట్టి వెళ్ళిపోయింది. పాలతన్ని నిలబెడితే ఫోటో తీస్తున్నారనుకుని పళ్ళన్నీ బయటపెట్టాడు. ఇంక లాభం లేదని నాన్న అద్దం ముందు కూర్చుని తన మొహమే వేసుకోబోయాడు. నాలుగు గీతలు గీసి, ఏం తోచిందో, అద్దం గోడవైపు తిప్పేశాడు.

పన్నెండు కాగితాలు చించాడు. మూడురోజులకోసారి మేడమ్ ఫోను. "ఎక్కడిదాకా వచ్చింది." అడిగినట్టుండదు, చెప్పినట్టుంటుంది. ఒక మధ్యాహ్నం నాన్న బ్రష్షు నీళ్ళ గ్లాసులో వదిలేసి, "నా చెయ్యి పోయిందే అమ్మడూ" అన్నాడు. మామూలుగానే అన్నాడు, వాన వచ్చేలా ఉంది అన్నట్టు. బోర్డులు రాస్తూ కూడా ఆయన ఎప్పుడూ ఆ మాట అనలేదు.

అమ్మ వంటింట్లోంచి విన్నది. నన్ను పిలిచి, కాగితంలో చుట్టిన మిషన్ సామాను చేతిలో పెట్టింది. దారం ఉండ కూర్చునే బాబిన్ కేసు.

"ఇది బాగుచేయించుకురా. బస్టాండు వెనక సందులో రిపేరు షాపుంది."

"ఈ ఎండలోనా?"

"ఈ ఎండలోనే. షాపాయన ఎవరి పిల్లవని అడిగితే, చెప్పు."

*

షాపు అంటే ఒక గది. పైనుంచి తోలు బెల్టులు వేలాడుతున్నాయి, కింద విప్పిన మిషన్లు వరసగా ఉన్నాయి. మిషన్ నూనె వాసన. బట్టతలాయన ఒకరు కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని నా చేతిలోది తీసుకున్నారు. వెలుగులో పెట్టి తిప్పి చూశారు.

"దీనికేం రోగం లేదు. కిందటి నెలా లేదు. అంతకుముందు నెలా లేదు." అని తలెత్తి, నన్ను చూసి ఆగిపోయారు. "నువ్వు అక్క కూతురివి కదూ?"

పెద్ద జుట్టూ చేతిలో విజిలూ ఉన్న మావయ్య నాకు గుర్తు. ఆయనా ఈయనా ఒకరేనని పోల్చుకోడానికి కాసేపు పట్టింది.

"అమ్మ ఇక్కడికి వస్తుందా మావయ్యా?"

"ప్రతినెలా. ఇన్నిసార్లు చెడిపోయిన మిషను లోకంలో ఇంకోటి ఉండదు. మీ నాన్నకి అనుమానం కూడా రాలేదు చూడు. కోట గోడలో ఎన్ని రాళ్ళున్నాయో చెబుతాడుగానీ ఇంట్లో సంగతి తెలీదు."

స్టూలు తుడిచి నన్ను కూర్చోబెట్టారు. పక్క హోటల్నుంచి టీ తెప్పించారు. చదువు అడిగారు, పరీక్షలు అడిగారు. నేను సంగతి చెప్పాను: పుస్తకం, మేడమ్, చించిన పన్నెండు కాగితాలు. బొమ్మ మాట రాగానే ఆయన టీ గ్లాసు పక్కన పెట్టేశారు.

"మీ నాన్న నాతో ఏమన్నాడో తెలుసా? 'రారా, నిన్ను ఉప్పుకోట నాయకుణ్ణి చేస్తాను' అన్నాడు. నేను బళ్ళో డ్రిల్లు మాస్టర్ని. టీచర్లందరికీ చెప్పాను, వచ్చేవారం పత్రిక కొనండి, అందులో హీరో నేనే అని. పిల్లలకీ చెప్పాను. పత్రిక వచ్చింది. పైన బురుజు మీద కత్తి పట్టుకుని నాయకుడున్నాడు. మొహం ఎవరిదనుకున్నావు? మీ నాన్నది! అద్దంలో చూసుకుని వేసుకున్నాడు. కింద తలుపు తీస్తున్న ద్రోహి, అది నేను."

నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి ఆపుకున్నాను.

"బొమ్మ ఉందా మావయ్యా?"

"ఉంది."

"ఇస్తారా?"

"మీ నాన్నని వచ్చి అడగమను. ఆయన కాళ్ళేం అరిగిపోవులే."

*

"నేనా? వాడి దగ్గరికా?" నాన్న మంచంమీంచి లేచాడు. "నా ఇంట్లో దొంగతనం చేసి, నన్నే వచ్చి అడుక్కోమంటాడా? నాయకుడు కాలేదని పదిహేనేళ్ళు అలుగుతారా ఎవరైనా? చిన్నపిల్లాడా?"

అమ్మ కుడుతున్న బట్ట మిషన్ మీద వదిలేసి వచ్చింది.

"వాడు బళ్ళో ఉద్యోగం ఎందుకు మానేశాడనుకున్నారు?"

"షాపు పెట్టుకుందామని."

"డ్రిల్లు పీరియడ్‌లో వాడు విజిలూదితే ఒక్క పిల్లాడు కదల్లేదండీ. 'తలుపు తియ్యండి సార్' అని ఒకడు మొదలుపెట్టాడు. గ్రౌండంతా అందుకుంది. నెలరోజులు. వాడు గేటులోకి అడుగుపెడితే చాలు, తలుపు తియ్యండి సార్, తలుపు తియ్యండి సార్. టీచర్లు కూడా నవ్వారట. హెడ్మాస్టరు పట్టించుకోకండి అన్నాడట. ఆఖరికి ఒకరోజు తట్టుకోలేక మనింటికొచ్చి బొమ్మ పట్టుకుపోయాడు. మర్నాడు రాజీనామా ఇచ్చేశాడు."

నాన్న మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు వాణ్ణి దొంగ అన్నారు. అది విన్నాక చెప్పబుద్ధి కాలేదు. తరవాత చెబుదామనుకుంటే ఆలస్యమైపోయింది. ఆలస్యమయ్యేకొద్దీ ఇంకా కష్టమైపోయింది."

అమ్మ గొంతు పెంచలేదు. చెప్పాల్సింది చెప్పి లోపలికెళ్ళి మళ్ళీ మిషన్ ముందు కూర్చుంది. తొక్కలేదు, ఊరికే కూర్చుంది. నాన్న బ్రష్షులన్నీ పోగుచేసి కుళాయి దగ్గర కడిగాడు. కడగక్కర్లేనివి కూడా కడిగాడు.

మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అమ్మ గదిలోకి వచ్చాడు.

"నీ మిషన్‌కి ఏమన్నా రిపేరుందా?" అన్నాడు.

అమ్మ ఆయన వంక చూసింది. తరవాత వంగి, చక్కగా పనిచేస్తున్న బాబిన్ కేసుని ఊడదీసి, పవిటకొంగుతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

*

నేనూ వెంట వెళ్ళాను. దారిలో నాన్న రెండుసార్లు ఆగాడు, ఒకసారి చెప్పులో రాయి దూరిందని, ఇంకోసారి ఏ కారణమూ లేకుండా. షాపులో మావయ్య తలొంచుకుని పని చేసుకుంటున్నారు. నాన్న చెయ్యి చాచాడు. మావయ్య ఆ సామాను తీసుకుని, వెలుగులో పెట్టి చూశారు.

"ఏమైంది దీనికి?"

"నాకేం తెలుసు. మీ అక్క ఇచ్చింది."

ఇద్దరూ ఆ బాబిన్ కేసు వైపే చూస్తున్నారు.

"బళ్ళో జరిగింది నాకు తెలీదురా" అన్నాడు నాన్న. "నిన్ననే తెలిసింది."

"తెలిసుంటే ఏం చేసేవాడివి బావా?"

"అచ్చయిపోయాక ఏం చెయ్యగలను? కానీ వచ్చేవాణ్ణి. మీ బడికొచ్చి, ఆ మొహం వీడిది కాదు, నేను కల్పించిందని అందరి ముందూ చెప్పేవాణ్ణి."

"అబద్ధమా?"

"అబద్ధమే. చెప్పేవాణ్ణి."

మావయ్య స్క్రూడ్రైవరు కిందపెట్టారు. "మరి నాకిచ్చిన మాటో?"

నాన్న స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు. "నాయకుడికోసమే నిలబెట్టానురా. వెలుగు ఎలా పడుతుందో చూద్దామని లాంతరు పట్టుకోమన్నాను. అప్పుడు నీ మొహంలో భయం కనబడింది. అలాంటి భయం నేనెక్కడా చూళ్ళేదు. ఇంక చెయ్యి ఆగలేదు. నిన్నొక మాట అడగాల్సింది. అడిగితే వద్దంటావని అడగలేదు. తప్పు నాదే."

మావయ్య కాసేపు వీధివైపు చూశారు. "భయమే బావా. ఆ లాంతరు కిరసనాయిలు కారుతోంది. నాకున్నది ఒకే తెల్లచొక్కా. మర్నాడు బళ్ళో ఇన్‌స్పెక్షను."

"చొక్కా కోసమా?"

"చొక్కా కోసమే."

"పదిహేనేళ్ళుగా అది ద్రోహి మొహమనే అనుకుంటున్నానురా."

"అందరూ అలాగే అనుకున్నారు" అంటూ మావయ్య లేచి బీరువా వెనకనుంచి దుప్పటి చుట్టిన పొట్లం తెచ్చారు. విప్పబోయి చెయ్యి ఆపారు. "ముందే చెబుతున్నాను. కోపగించుకోకూడదు."

దుప్పటి తీశారు. ఆ ఇంకు మరక చూసి నేనేదో ఊహించుకున్నాను. ఇది వేరు. లాంతరు వెలుగు కిందనుంచి మొహం మీద పడుతోంది. ఆ మనిషి దుర్మార్గుడిలా లేడు. చెయ్యకూడని పనిలో చెయ్యి పెట్టి, వెనక్కి తీసుకోలేని కుర్రాడిలా ఉన్నాడు. మేడమ్ ఎందుకు ఏడ్చిందో అర్థమైంది.

అప్పుడు పైన బురుజు మీద నాయకుణ్ణి చూశాను. నాన్న ముక్కు, నాన్న గడ్డం. దానికి బాల్‌పెన్నుతో మెలితిప్పిన బారెడు మీసం. గుండ్రటి కళ్ళద్దాలు. ముందరి పళ్ళలో ఒకటి నల్లగా పూడ్చేసి ఉంది. రెండు చెవుల మీదా రెండు కొమ్ములు.

"తెచ్చిన రోజే గీశాను. తరవాత చూడ్డానికే సిగ్గేసింది. అందుకే ఇవ్వలేకపోయాను" అన్నారు మావయ్య.

నాన్న బొమ్మని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. దూరంగా పెట్టి చూశాడు. ఆ పుస్తకం అంతా ఆ కాగితం మీద ఆధారపడి ఉంది.

"మీసం కుడివైపు ఎక్కువైంది" అన్నాడు నాన్న.

మావయ్యకి ముందు అర్థం కాలేదు. నాన్న భుజాలు కదలడం మొదలైంది. నవ్వు ఆపుకోలేక స్టూలు పట్టుకున్నాడు. మావయ్య కూడా అందుకున్నారు. ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ బొమ్మ చూస్తూ, మళ్ళీ నవ్వుతూ. పక్క హోటలాయన గుమ్మంలోకి వచ్చి ఏమైందని నన్ను సైగ చేసి అడిగాడు. ఏమని చెప్పను?

"ఇది చెరిగేది కాదురా. ఆ మొహం మళ్ళీ వెయ్యాల్సిందే. నువ్వొచ్చి కూర్చో" అన్నాడు నాన్న చివరికి.

"ఈ బట్టతలతో నాయకుణ్ణా?"

"నలభై రోజులు కోటలో సరైన తిండి లేకుండా ఉన్నవాడికి జుట్టెక్కడినుంచి వస్తుందిరా?"

*

మావయ్య మర్నాడు పొద్దున వచ్చారు. అమ్మ తలుపు తీసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "చేతులు కడుక్కో. నిండా నూనె" అంది. ఆయన కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే గోడవైపు తిరిగి కొంగు మొహానికి అద్దుకుంది.

మూడు రోజులు కూర్చున్నారు మావయ్య. చీపురుకట్ట కత్తి, మా పాత దుప్పటి అంగీ. కూర్చున్న మనిషి ఊరుకోరు. మెడ పట్టేసిందంటారు, ఈగ వాలిందంటారు, నాయకుడు కాస్త ఎత్తుగా ఉండాలంటారు. నాన్న చెయ్యి మాత్రం ఎక్కడా ఆగలేదు. నాలుగోరోజు ఆ కత్తిని అమ్మ తీసుకుని ఇల్లు ఊడ్చుకుంది.

మేడమ్ వచ్చి బొమ్మ ముందు నిలబడింది.

"నాయకుడికి బట్టతల."

"అవునమ్మా."

"పాత బొమ్మలో లేదు."

"అప్పటికి నాకింకా తెలీదు" అన్నాడు నాన్న.

ఆవిడ మావయ్యని చూసింది, పైన నాయకుణ్ణి చూసింది, కింద తలుపు తీస్తున్నవాణ్ణి చూసింది. "పుస్తకం చివర ఎవరికి ఎవర్ని చూసి వేశారో పేర్లు వేస్తాం. నాయకుడికి వీరి పేరు" అని కలం తీసింది.

మావయ్య గొంతు సవరించుకున్నారు. "ఆ తలుపు దగ్గర కూడా నా పేరే వెయ్యండి. అది కూడా నేనే."

నాన్న రంగుల పెట్టె సర్దుతున్నట్టు తల కిందికి వంచేశాడు. బొమ్మలన్నీ ఆ మధ్యాహ్నమే వ్యాన్‌లోకి ఎక్కాయి. నేల ఖాళీ కావడంతో, పదిహేనేళ్ళ తరవాత అందరం ఒకచోట కూర్చుని భోంచేశాం. మావయ్య రెండోసారి వడ్డించుకుంటుంటే, అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

నా పరీక్షా ఫలితాలు జూన్‌లో వచ్చాయి. పాసయ్యాను. మార్కుల కాగితం పట్టుకుని వస్తుంటే, సందు మొదట్లోనే మా ఇంట్లోంచి అరుపులు వినిపించాయి. నాన్న గొంతు, దాని మీద మావయ్య గొంతు. మళ్ళీ మొదలైందా అనుకుంటూ పరుగులాంటి నడకతో గుమ్మం దాకా వచ్చాను.

"ఫ్యాను మూడు మీద పెడితే నా కాగితాలెగిరిపోతాయని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?"

"రెండు మీద పెడితే అది తిరుగుతోందో లేదో తెలీట్లేదు బావా. ఉక్కపోతకి చచ్చిపోతున్నాను."

"అయితే మీ షాపుకి పో."

"పోను. అక్క ఉండమంది."

"ఇద్దరూ బయటికి పోయి కొట్టుకోండి, నాకు దారం తెగిపోతోంది" అని అమ్మ అరుస్తోంది.

నేను లోపలికి వెళ్ళలేదు. మార్కుల సంగతి కాసేపు ఆగుతుందిలే అనుకున్నాను. చెప్పులు విప్పి, గుమ్మం మెట్టు మీద నీడలో కూర్చుని, ఆ పోట్లాట అయ్యేదాకా హాయిగా విన్నాను.